జీరగొంతు మర్ఫీ

కడప స్టేషన్లో నందలూరుకు టికెట్టు తీసుకుని బెంచీ మీద కూర్చున్నాను. బండి పావుగంట ఆలస్యమని మైకులో చెప్పారు. ఎంత తేటగా వినిపించిందో! ఒకప్పుడు స్టేషన్ మైకులో ఏం చెప్పినా నోట్లో గోలీకాయలు పోసుకుని మాట్లాడినట్టుండేది. బండి వస్తోందో, వెళ్ళిపోయిందో పక్కవాణ్ణి అడిగి తెలుసుకోవలసిందే.

నందలూరు ఇక్కడికి నలభై కిలోమీటర్ల పైచిలుకు. బస్సులు బోలెడున్నాయి. మా అబ్బాయి కారు పెడతానన్నాడు. వద్దన్నాను. రైల్లోనే పోవాలి, ఈ స్టేషన్ నుంచే పోవాలి. 1968 అక్టోబరులో ఒక రాత్రి నేను ఇక్కడికి రావలసింది. రాలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు మా ఇంటి రేడియో సంగతి చెప్పాలి.

మాది మోచంపేట. నాయన రెవెన్యూలో గుమాస్తా. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతున్నప్పుడు వీధిలో మగవాళ్ళంతా వార్తల కోసం హోటలు ముందు గుమిగూడేవాళ్ళు. అలా నిలబడడం నాయనకు నామోషీ. రేడియో కొందామని నిశ్చయించి, అప్పు పుట్టించి, మంచిరోజు చూసి తెచ్చేసరికి యుద్ధం అయిపోయింది. రేడియో మిగిలింది. మర్ఫీ, వాల్వుల సెట్టు. స్విచ్చు వేస్తే వేడెక్కి పలకడానికి నిమిషం పైన పట్టేది. మిద్దె మీద రెండు వెదురు బొంగులు నాటి, వాటి మధ్య రాగి తీగ లాగి ఏరియల్ కట్టాం. ఎర్తు తీగను పెరట్లో తులసికోట పక్కన పాతిపెట్టాం. తులసమ్మకు పోసిన నీళ్ళే ఎర్తుకూ పనికొచ్చేవి. పోస్టాఫీసులో లైసెన్సు డబ్బులు కట్టి, ఆ చిన్న పుస్తకంలో స్టాంపులు వేయించుకుని వచ్చిన రోజు నాయన పట్టా పుచ్చుకున్న రైతులా నడిచాడు.

రేడియో వచ్చింది గానీ దాని మీద పెత్తనం మొత్తం నాయనదే. పొద్దున ఏడూ ఐదుకు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. సాయంత్రం ప్రాంతీయ వార్తలు. శనివారం రాత్రి సంగీత కచేరి. 1963లోనే మా ఊరికి ఆకాశవాణి కేంద్రం వచ్చేసింది కాబట్టి ముల్లు కడప మీద ఉండాల్సిందే. దాన్ని కదిపితే నాయనకు ఎట్లా తెలిసేదో గానీ తెలిసిపోయేది.

అయితే రెవెన్యూ ఉద్యోగమన్నాక క్యాంపులుంటాయి. నాయన పులివెందులకో, జమ్మలమడుగుకో, రాయచోటికో సంచీ సర్దుకుని బయల్దేరాడంటే మా ఇంట్లోకి సిలోను వచ్చేది. అమ్మ ఏమీ అనేది కాదు. ఆమెకూ మీనాక్షీ పొన్నుదురై వేసే తెలుగు పాటలు కావాలి. తల్లీకొడుకులం ఈ ఒక్క విషయంలో ముఠా కట్టాం.

ఆ రోజుల్లో దేశానికంతటికీ సిలోను పిచ్చి పట్టించింది మన ప్రభుత్వమేనని చెప్పాలి. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి.కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో వాటిని దాదాపుగా ఆపేశారు. శ్రోతలు ఊరుకుంటారా? ముల్లు తిప్పి సముద్రం దాటేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైనికుల కోసం కొలంబోలో పెట్టిన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ యుద్ధం తర్వాత రేడియో సిలోన్ చేతికొచ్చింది. దాని గొంతు హిమాలయాల దాకా వినబడేది. 1952 డిసెంబరులో అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. 1957లో మనవాళ్ళు వివిధభారతి పెట్టారు గానీ అప్పటికే జనానికి అలవాటైపోయింది. మా కడపలో ఇంటి భాష ఉర్దూ అయినవాళ్ళు ఎక్కువ. బుధవారం రాత్రి ఎనిమిదయిందంటే ఏ సందులో నడిచినా పాట తెగకుండా వినొచ్చు.

1965 డిసెంబరు. బుధవారం. నాయన క్యాంపులో ఉన్నాడు. కరెంటు వోల్టేజి పడిపోయి డయలు లోపలి దీపం నిప్పుకణికలా ఎర్రగా ఉంది. బినాకా కోసం వెతుకుతుంటే ముల్లు వెంట్రుకవాసి పక్కకు జరిగింది. ఒక మోత వచ్చింది.

ఎట్లా చెప్పను? కందిరీగలను డబ్బాలో వేసి ఊపినట్టు. చీలిపోయిన పీకతో నాదస్వరం ఊదినట్టు. ఒకటే చిన్న స్వరాల ముక్క, మళ్ళీ మళ్ళీ అదే. వెనక దరువు. ఎవరో మొదట గొణిగి, తర్వాత అరిచాడు. నా గుండె ఝల్లుమంది. పాటకు కాదు. రేడియో చెడిపోయిందని. నాయన ఎల్లుండి వస్తాడు!

మర్నాడు అమ్మ పోపుల డబ్బాలోంచి రెండు రూపాయలు తీసి ఇచ్చింది. మెకానిక్ ఇంటికొచ్చి వెనక అట్ట ఊడదీసి, వాల్వులను ఒక్కొక్కటే వేలితో తట్టి, ఏరియల్ లాగి చూసి, "సెట్టు గుండ్రాయి మాదిరి ఉంది. నీ చెవులు సూపించుకో పో అబ్బోడా" అన్నాడు. రెండు రూపాయలు మాత్రం జేబులో వేసుకున్నాడు.

ఆ పాట పేరు 'శాటిస్‌ఫాక్షన్' అనీ, పాడింది రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లీషు బృందమనీ తెలియడానికి నాకు ఏడాది పట్టింది. ఆ మోత కథ తెలియడానికైతే నలభై ఏళ్ళు. అమెరికాలో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట ఒకటి 1961లో వచ్చింది. దాని రికార్డింగులో యంత్రంలో ఒక భాగం చెడిపోయి గిటారు గొంతు జీరబోయింది. పారేయకుండా బాగుందనుకుని అలాగే ఉంచారు. ఆ చెడిన శబ్దాన్ని కావాలని పుట్టించే చిన్న పెట్టె ఒకటి, ఫజ్‌టోన్ అని, 1962లో అమ్మకానికి వచ్చింది. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ 1965లో కాలితో నొక్కింది దాన్నే. అతనూ ఆ మోతను ఉంచాలనుకోలేదట. ఆ చోట ఊదే వాద్యాలు రావాలని గుర్తుగా వాయించిపెట్టాడు. నాకు నాదస్వరం తోచిందంటే మరీ అంత తప్పేం కాదన్నమాట. అంతకుముందు ఏడాది, 1964లో, కింక్స్ అనే మరో బృందంలో డేవ్ డేవిస్ అనే కుర్రవాడు స్పీకరు అట్టను ఏకంగా బ్లేడుతో కోసి వాయించాడు.

ఆ పాటలో ఏదో చెడిపోయిందని నేననుకున్నది నిజమే. చెడింది మా ఇంట్లో కాదు, అంతే.

ఇంజను డ్రైవరు కొడుకు

బండి వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటగానే కుడిపక్క పాలకొండలు మొదలయ్యాయి. ఎండకు కాలిన ఆ రంగు మాత్రం మారలేదు.

1966లో నేను పి.యు.సి.లో చేరాను. మా క్లాసులో నందలూరు నుంచి పాసింజరులో రోజూ వచ్చిపోయే కుర్రాడొకడుండేవాడు. ఆంగ్లో ఇండియన్. వాళ్ళ నాన్న ఆవిరింజను డ్రైవరు. అతని పేరు రాయను. ఇప్పుడు ఎక్కడున్నాడో, నా కథలో తన పేరుండడం ఇష్టమో కాదో తెలియదు.

మద్రాసు నుంచి బొంబాయికి రైలుదారి పూర్తయింది 1871లో. ఆ దారిలో ఇంజన్లకు నీళ్ళూ బొగ్గూ పట్టాలి, బాగుచేయాలి. అందుకు నందలూరులో షెడ్డు పెట్టారు. షెడ్డు చుట్టూ క్వార్టర్లు, చర్చి, ఇన్‌స్టిట్యూటు. చుట్టూ సంగటి తినే పల్లెలు, మధ్యలో శనివారం రాత్రి నాట్యం చేసే ఒక చిన్న ఊరు. అతని తెలుగు అచ్చంగా మా తెలుగే. మేం ఇంగ్లీషులో తడబడుతుంటే అతను కడప యాసలో తిట్టేవాడు.

ఒకరోజు ధైర్యం చేసి, రేడియోలో విన్న మోతను నోటితో చేసి చూపించాను. అతను పడిపడి నవ్వి, "రేయ్, అది రోగం కాదురా, గిటారు" అన్నాడు. అట్లా మొదలైంది మా స్నేహం.

వాడి దగ్గర మాకు లేనిది ఒకటుండేది. పేర్లు. మేం విన్నవాటికి మొహాల్లేవు, పేర్లు లేవు. ఫలానాది బీటిల్స్, ఫలానాది క్లిఫ్ రిచర్డ్ అని వాడు విడదీసి చెప్పేవాడు. క్లిఫ్ రిచర్డ్ పుట్టింది లక్నోలోనని చెబితే నమ్మాం. బీటిల్స్‌లో మొదట్లో డ్రమ్ములు వాయించినవాడు మద్రాసులో పుట్టాడంటే మాత్రం కోతలు కోస్తున్నాడనుకున్నాం. తర్వాత తెలిసింది, నిజమే. పీట్ బెస్ట్ 1941లో మద్రాసులోనే పుట్టాడు. 1962లో, బీటిల్స్ పేరు మారుమోగడానికి ముందే, అతన్ని తీసేసి రింగో స్టార్‌ను పెట్టుకున్నారు. మనవాడికి రాసిపెట్టిలేదు.

పాటల్లో మాటలు పట్టుకోవడం ఒక పెద్ద యజ్ఞం. షార్ట్‌వేవ్ గాలివాటంగా వస్తూ పోతూ ఉంటుంది. ఒక పాదం వినపడితే రెండోది సముద్రంలో కలిసిపోయేది. వినపడిందీ మాకు అర్థమయ్యే ఇంగ్లీషు కాదు. నలుగురం నాలుగిళ్ళలో విని, తెలుగు లిపిలో రాసుకుని, పొద్దున కాలేజీలో కలిసి పోల్చుకునేవాళ్ళం. నాలుగూ నాలుగు రకాలు. "మనం బ్రౌన్‌దొర పండితుల కంటే తక్కువేం కాదప్పా" అనేవాడు మాలో ఒకడు. వాడన్నదాంట్లో నిజముంది. 1820ల్లో ఇదే కడపలో సి.పి.బ్రౌన్ బంగళా కొని, పండితులను కూర్చోబెట్టుకుని వేమన పద్యాల తాళపత్రాలు పోల్చి పాఠాంతరాలు తేల్చాడు. ఇంగ్లీషువాడు తెలుగు పద్యాలకు చేసిన పని మేం ఇంగ్లీషు పాటలకు చేశాం. ఆయన 1829లో పుస్తకం అచ్చువేశాడు. మా నోటుబుక్కు ఎవడో పకోడీల పొట్లానికి వాడేశాడు.

ఇదంతా ఏదో కొత్త లోకం నుంచి ఊడిపడిందని అప్పుడు అనుకున్నాం గానీ, ఇప్పుడు ఆలోచిస్తే చెవులు ముందే సిద్ధమై ఉన్నాయనిపిస్తుంది. పెద్దదర్గా ఉరుసులో తెల్లవార్లూ ఖవ్వాలీలు విన్న ఊరు మాది. ఒకే మాటను పట్టుకుని, చప్పట్లతో తిప్పి తిప్పి, గొంతు పగిలేదాకా ఎత్తుకుపోవడం మాకు తెలియని విద్యేం కాదు. ఆ దర్గాకు ఎ.ఆర్.రెహమాన్ వస్తాడని ఇప్పుడు అందరికీ తెలుసు. సినిమాల్లోకి రాకముందు అతను మద్రాసులో నెమెసిస్ అవెన్యూ అనే రాక్ బృందంలో కీబోర్డు వాయించాడని ఎంతమందికి తెలుసో! ఇక సినిమాలు సరేసరి. 1965లో వచ్చిన 'జాన్వర్'లో బీటిల్స్ బాణీని అట్లే దించేశారు. 1966లో 'తీస్రీ మంజిల్' వచ్చాక మా ఊళ్ళో మెడ సరిగ్గా నిలబెట్టుకుని నడిచిన కుర్రాడు లేడు.

1966 క్రిస్మస్‌కు వాడు నన్ను నందలూరు పిలిచాడు. ఇంట్లో గ్రూప్ స్టడీ అని చెప్పాను. ఇన్‌స్టిట్యూటు హాల్లో రంగుకాగితాల తోరణాలు. బూట్లు బాగా జారాలని నేలమీద పౌడరు చల్లారు. ఆడా మగా, ముసలీ ముతకా అందరూ ఉన్నారు. మావైపు పెళ్ళిళ్ళలోనూ ఇంతమందీ ఉంటారు గానీ, అమ్మమ్మ వయసావిడ పూలగౌను వేసుకుని అల్లుడితో కలిసి అడుగులు వేయడం నేనదే చూడడం. ముందు వాల్ట్‌జ్ పాటలు, తర్వాత జిమ్ రీవ్స్. ఆయన 1964లో విమాన ప్రమాదంలో పోయినా దక్షిణాదిలో ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళలో మాత్రం బతికే ఉన్నాడు. పెద్దవాళ్ళు కేకు తినడానికి కూర్చున్నాక కుర్రాళ్ళు వేదికెక్కారు. రెండు గిటార్లు, ఒక డ్రమ్ము. మా వాడి చేతిలో వాళ్ళ చిన్నాన్న గిటారు.

సంగీతం ఎదురుగా మనుషుల చేతుల్లోంచి వస్తుండగా చూడడం, అదీ ఆ సంగీతం, నాకదే మొదటిసారి. గాలి లేదు, గురగుర లేదు, వెనకాల నుంచి వార్తలు చొరబడడం లేదు. చెప్పొద్దూ, కొంచెం వెలితిగా అనిపించింది. మా ఇంట్లో పాటకు సముద్రం కూడా వాయించేది. తర్వాత మా వాడు నా వంక చూసి కన్నుగీటి ఆ మోత అందుకున్నాడు. పాత టెలిఫోను రిసీవరులో ఉండే అయస్కాంతాన్నీ తీగచుట్టనూ విప్పి గిటారుకు బిగించాడు. దాని తీగను రేడియోగ్రామ్ వెనక దోపి గొంతు పూర్తిగా పెంచాడు. గోడల మీది కాగితాలు వణికాయి. రైల్వే ఉద్యోగులు చెవులు మూసుకున్నారు. రోజంతా ఇంజను కూతలు వినేవాళ్ళు!

ఆ తర్వాతి వేసవిలో, 1967లో, మేం ఇంకో ఘనకార్యం చేశాం. మాలో ఒకడి మేనమామ మద్రాసు నుంచి బీటిల్స్ చిన్న రికార్డొకటి తెచ్చాడు. రికార్డుంది, వాయించే పెట్టె ఎవరింట్లోనూ లేదు. ఉన్నది మైకుసెట్టు చాచా దగ్గర. పెళ్ళికి మైకు కట్టడానికి పోతూ ఆయన గ్రామఫోను పట్టుకుపోయేవాడు. ఒక పెళ్ళిలో భోజనాలకు ముందు ఆయన్ని బతిమాలాం. "ఏ పిచ్చర్ హై?" అన్నాడు. ఇంగ్లీషు సినిమా చాచా అన్నాం. చెట్టుకు కట్టిన గొట్టంలోంచి పాట ఊరి మీద పడింది. నిమిషం గడిచిందో లేదో పెళ్ళికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చి, "మిషను కాలిపోతాంది, ఆపండప్పా!" అని కేకలు. చాచా నింపాదిగా రికార్డు తీసి 'మాయాబజార్' పెట్టాడు. రికార్డు మా చేతికిస్తూ, "డోలు కొట్టేటోడు మంచోడే" అని తన తీర్పు చెప్పాడు. రింగోకు ఇంతకంటే యోగ్యతాపత్రం అక్కర్లేదు.

ఆ రాత్రి

ఒంటిమిట్ట దాటాం. ఎదుటి సీటాయన రాముడి గుడి దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను.

1968 జనవరి. సంక్రాంతి వెళ్ళి నాలుగు రోజులైంది. నాయన రాయచోటి క్యాంపు, మూడు రోజులని చెప్పి వెళ్ళాడు. మా వాడు గిటారు గోనెసంచిలో చుట్టుకుని కాలేజీ నుంచి నేరుగా మా ఇంటికొచ్చాడు. వాల్వు రేడియోల వెనక గ్రామఫోను తగిలించుకోవడానికి రెండు చిల్లులుండేవి. రెండేళ్ళకు పైగా మా మర్ఫీకి ఉన్న ఆ చిల్లులు దేనికో మాకు తెలియదు. వాడు చూసీ చూడంగానే తీగలు దోపి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు చెక్కాడు.

మొదట మెల్లగా. అమ్మ వంటింట్లోంచి వచ్చి చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత గొంతు పెంచాడు. ఇంకా పెంచాడు. మర్ఫీ తట్టుకోలేక చించుకుని అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపే మాకు కావలసింది! నేను రెండేళ్ళ కింద డిసెంబరులో విన్న మోత, అదే, మా ఇంట్లో పుడుతోంది. సిలోను నుంచి కాదు, మోచంపేట నుంచి. వాకిట్లో జనం చేరారు. పక్కింటి జేజి వచ్చి, "ఎవరికి నాయనా దెయ్యం పట్టె?" అంటోంది. నేను బకెట్టు బోర్లించి కొడుతున్నాను. అట్లా ఎంతసేపో తెలియదు. తల తిప్పితే గడపలో నాయన. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో సంచి. పని తొందరగా అయిందట.

మా వాడు చూడలేదు. వాడు కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. నేను బకెట్టు ఆపాను. అప్పుడే మర్ఫీలో 'ఫట్' మంది. కాలిన వాసన. వాడు కళ్ళు తెరిచాడు.

నాయన చెప్పులు విడిచి, గొడుగు కొక్కేనికి తగిలించి, దొడ్లోకి పోయి కాళ్ళు కడుక్కుని వచ్చాడు. అంతసేపూ ఎవరం కదల్లేదు.

"యా ఊరు మనది?"

"నందలూరు సార్."

"బువ్వ తిన్యావా?"

వాడు లేదన్నట్టు తలూపాడు. నాయన అమ్మ వంక చూశాడు. ఆ రాత్రి సంగటి, పుల్లగూర, శనక్కాయల ఊరుబిండి. ముగ్గురం వరుసగా కూర్చుని తిన్నాం. ఒక్కమాట లేదు. వాడు రెండో ముద్ద అడిగి వేయించుకున్నాడు. నాయన వాణ్ణి స్టేషన్ దాకా దింపి వచ్చి పడుకున్నాడు. నాతో మాత్రం ఎనిమిది రోజులు మాట్లాడలేదు. తిడితే బాగుండేది.

మెకానిక్ వచ్చి చూశాడు. వాల్వు పోయింది, స్పీకరు అట్ట చినిగింది. వాల్వు కొత్తది వేశాడు. కొత్త స్పీకరుకు చెప్పిన రేటు విని నాయన, అట్టకు కాగితం అతికించి బంక పూయమన్నాడు. ఆ రోజు నుంచి మా రేడియో గొంతుకు జీర పట్టుకుంది. ఆడగొంతుకు అంతగా తెలిసేది కాదు. మగగొంతు వస్తే మాత్రం, అందులోనూ గట్టిగా పలికితే, కందిరీగ దూరినట్టు గుర్‌ర్‌మనేది. మంత్రుల ప్రసంగాలు, పంట ధరలు, 1971 యుద్ధం, 1975లో ఎమర్జెన్సీ, అన్నీ మాకు ఆ జీరతోనే వచ్చాయి. తర్వాత జీతం పెరిగింది. ఇంకో సెట్టు కొనగలిగేవాడే. ఎవరైనా అడిగితే, "వార్తలకు చాల్లే" అనేవాడు.

ఆ ఫిబ్రవరిలో బీటిల్స్ రిషీకేశ్ వచ్చారు. మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో పూలదండలతో కూర్చున్న ఫోటో పేపర్లో పడింది. నాయన పేపరు మడిచి నా ముందు పెట్టాడు. "వీళ్ళేనా మీవాళ్ళు? మన సన్నాసుల దగ్గరికే వచ్చిరే" అన్నాడు. ఎగతాళో, రాజీయో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇక ఆ అక్టోబరు సంగతి. ఆస్ట్రేలియా 1966లో వలస నిబంధనలు కొంత సడలించింది. తెల్లవాళ్ళను తప్ప రానివ్వని దేశం తలుపు ఓరగా తెరిచేసరికి రైల్వే కాలనీల్లో పెట్టెలు సర్దుకోవడం మొదలైంది. మా వాడి కుటుంబానికీ కాగితాలొచ్చాయి. బొంబాయిలో ఓడ. కార్డు రాశాడు. ఫలానా రాత్రి బొంబాయి మెయిల్లో వస్తున్నాం, కడపలో బండి ఆగుతుంది, స్టేషన్‌కు రా, అని. కార్డు వేళకే అందింది. తపాలావాళ్ళను అనడానికేం లేదు.

నేను పోలేదు. చదువుకోవాలని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి అసూయ. ఆ పాటలు పుట్టే దేశాల వైపు వాడు పోతున్నాడు. నేను సర్వీసు కమిషన్ పరీక్షకు లెక్కలు చేసుకుంటూ జీరగొంతు రేడియో పక్కన ఉండాలి. ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యూపడం నావల్ల కాదనిపించింది. రాత్రి ఇంట్లో పడుకుని ఆ బండి కూత విన్నాను. మోచంపేటకు వినపడేది.

పెర్త్ నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ జవాబివ్వలేదు. నాలుగైదేళ్ళకు ఒకసారి నాయన, "ఆ గిటారు పిల్లోడు జాబులు రాస్తాండాడా?" అని అడిగాడు. రాస్తాండాడు నాయనా అన్నాను. 2001లో బుగ్గవంక పొంగి ఇళ్ళలోకి వచ్చినప్పుడు మా ట్రంకుపెట్టె మునిగింది. ఉత్తరాలు, వాటిమీది అడ్రసు, అటక మీద నుంచి దించిపెట్టిన మర్ఫీ అన్నీ బురదైపోయాయి. నాయన అప్పటికే లేడు. మేం ఆ ఇల్లు ఖాళీచేసి యర్రముక్కపల్లె వైపు వచ్చేశాం.

నందలూరులో దిగాను. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక ఇక్కడికి దగ్గరే. దిగినవాళ్ళలో కొందరు అటు పోయే ఆటోలెక్కారు. నేను షెడ్డు వైపు నడిచాను. ఆవిరి ఇంజన్లు పోయాక షెడ్డుకు పనిలేకుండా పోయింది. పాడుబడిన గోడలు, ముళ్ళకంప. క్వార్టర్లలో కొన్నింటికి కప్పుల్లేవు. చెయ్యేరు పక్కనే. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఈ ఏరు ఊళ్ళనే తుడిచిపెట్టింది. ఇప్పుడు ఇసుక తప్ప ఏమీ లేదు.

ఇన్‌స్టిట్యూటు ఎక్కడుండేదో నాకు గుర్తు దొరకలేదు. టీ బంకు దగ్గర కూర్చున్న పెద్దాయన్ని అడిగాను. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు. షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడట.

"డాన్సు హాలా? ఆ పక్కనే" అని చెయ్యి చూపించాడు. చెట్ల మధ్య ఏమీ స్పష్టంగా కనబడలేదు. ఫలానా డ్రైవరుగారి ఇల్లు తెలుసా, వాళ్ళబ్బాయి గిటారు వాయించేవాడు అన్నాను.

"వాళ్ళంతా పాయిరి సామీ. అప్పుడప్పుడు ఒగరో ఇద్దరో వస్తాంటారు, ఆస్ట్రేలియా నుంచి. సమాధులు సూసుకోను. పదేళ్ళ కిందట ఒకాయన వచ్చినాడు. తెలుగు బాగా మాట్లాడె. ఈడ సూసుకోని, కడపకు ఆటో ఎంత తీసుకుంటారని అడిగె. మోచంపేట పోవల్లంట."

టీ గ్లాసు బల్ల మీద పెట్టాను.

"పేరేమని చెప్పినాడు?"

"ఏమో సామీ, అడగల్యా."

"చేతిలో గిటారేమన్నా ఉన్యాదా?"

పెద్దాయన కాసేపు ఆలోచించాడు.

"ల్యా. కెమెరా ఉండె."